ఎర్ర బటన్

ఇంటి నుంచి
ఫిబ్రవరి 6

పిచ్చుకా,

నువ్వు కొత్త కేంద్రానికి బదిలీ అయి వెళ్లి పద్దెనిమిది రోజులైంది. బస్సెక్కుతూ వారానికో ఉత్తరం రాస్తానన్నావు. ఒక్క ముక్క లేదు. ఊరందరి ఉత్తరాలూ మన చేతుల మీదుగా పోతాయి, మనం రాసుకోకపోతే ఎలా వదినా అని నీతులు చెప్పిన నోరు నీదే. ఫోను చేద్దామంటే పనిలో ఉన్నంతసేపూ లాకర్లో పెట్టించుకుంటున్నారు. నేను ఖాళీగా ఉన్నప్పుడు నీ షిఫ్టు, నువ్వు ఖాళీగా ఉన్నప్పుడు నా షిఫ్టు. సరే, పెద్దదాన్ని కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను.

మన బల్ల తీసేశారు. పంతొమ్మిదేళ్లు నేను, ఆరేళ్లు నువ్వు మోచేతులు ఆనించి కూర్చున్న బల్ల. ఎవరికీ అర్థంకాని చిరునామాలన్నీ తెచ్చి దాని మీద కుప్పపోసేవాళ్లు కదా. ఇప్పుడు ఉత్తరాలన్నీ యంత్రం కింద నుంచి పోతాయి, అదే చదివేస్తుంది. దానికి చేతకానివాటి ఫొటోలు మాత్రం మన స్క్రీన్ల మీదికి వస్తాయి. మనం చదివి టైపు చెయ్యాలి. ఎంతకీ అర్థం కాకపోతే ఓ ఎర్ర బటన్ ఉంది, దాని మీద 'చదవలేము' అని ఉంటుంది. అది నొక్కితే ఆ కవరు పంపినవాళ్లకి తిరిగి పోతుంది. వెనకవైపు పంపినవాళ్ల చిరునామా లేకపోతే నేలమాళిగకి పోతుంది. ఇప్పటిదాకా నేను ఒక్కసారి నొక్కాను. ఆ రోజంతా ఎవరింట్లోనో దీపం ఆర్పి వచ్చినట్టుంది నాకు.

గోడ మీద ఇంకో పెద్ద స్క్రీన్ పెట్టారు. మీ కేంద్రం, మా కేంద్రం కలిపి అరవై నాలుగు సీట్లు. ఎవరు ఎంత వేగంగా కానిస్తున్నారో నిమిషనిమిషానికీ ర్యాంకులు. పేర్లు ఉండవు, సీటు నంబర్లే. నాది ఏడు. నీది ముప్పై ఒకటి అని మన సూపర్‌వైజర్, అదే 'అలాగే సార్', చెప్పాడు. ఆయనేం మారలేదు. సెలవు కావాలన్నా అలాగే, ఫ్యాను తిరగడం లేదన్నా అలాగే. సెలవూ రాదు, ఫ్యానూ తిరగదు.

మొదటి వారం ఫస్టు ఎవరో చెప్పుకో. ఏడో సీటు. నువ్వు తొమ్మిదో ర్యాంకు. బెంగ పెట్టుకోకు, మెల్లగా నువ్వూ పైకొస్తావు. నేర్పింది నేనేగా.

అత్తయ్య నీ గదిలోకి మారింది, వెలుతురు బాగుందని. మీ అన్నయ్య కుట్టుమిషన్ల షాపుకి చిరునామాతో కొత్త రబ్బరు స్టాంపు చేయించాడు. చెయ్యి ఊరుకోక ఇంట్లో ఉన్న కవర్లన్నిటి వెనకా గుద్దిపెట్టాడు. నిన్న నా చెక్కర డబ్బా మూత మీద కూడా కనపడింది.

నీ వదిన


హాస్టల్, అయిదో గది
ఫిబ్రవరి 21

వదినా,

తిట్టు, పడతాను. రాయాలని రోజూ అనుకుంటాను, గదికి వచ్చేసరికి అక్షరం చూస్తేనే ఒళ్లు మండుతోంది.

ఇక్కడ కుర్చీలు చూస్తే నువ్వు కుళ్లుకుని చస్తావు. మన వీపు ఎలా వంగితే అవీ అలా వంగుతాయి. కిటికీలు మాత్రం తెరుచుకోవు. పొద్దున్నే కూర్చోగానే స్క్రీన్ మీద అయిదు మొహాలు వస్తాయి, పళ్లన్నీ కనపడేలా నవ్వే మొహం దగ్గర్నుంచి ఏడ్చే మొహం దాకా. ఈ రోజు పని మీద మీ ఉత్సాహం ఎంత, ఒకటి నొక్కండి అని. మొదటి రోజు నిజం చెబుదాం కదా అని మూతి ముడుచుకున్న మొహం నొక్కాను. అరగంటలో కౌన్సెలర్ ఫోను. ఏమ్మా బాధగా ఉన్నారా, ఎందుకున్నారు అని పావుగంట. ఆ పావుగంటా నేను ఊరికే కూర్చున్నట్టు లెక్కలో పడి ర్యాంకు ఇరవైకి జారింది. దాంతో నిజంగానే బాధ వచ్చింది. మర్నాటి నుంచి నవ్వే మొహమే. ఇక్కడ అందరిదీ అదే కథ. రిపోర్టు ప్రకారం మా హాలంత సంతోషమైన హాలు లోకంలో ఇంకోటి లేదు.

అమ్మ నా గదిలోకి మారిందా? నేనున్నప్పుడు ఆ గదిలో చలి అనేది. మొన్న ఫోనులో మాట్లాడినంతసేపూ మీ వదినకి కళ్లు మంటలట, మీ వదిన సరిగ్గా తినడం లేదు అనే గోలే. నేను తిన్నానో లేదో అడగవా అమ్మా అంటే, నీకేమే, చిన్నదానివి అంది. నీకేం వదినా, మా అమ్మని కూడా కొట్టేశావు.

నువ్వు ఫస్టు వచ్చినందుకు సంతోషం. కాస్త మండింది కూడా. ఆరేళ్లూ నీ పక్కనే కూర్చుని నీ వెనకే ఉన్నాను, ఇంత దూరం వచ్చినా వెనకేనా అనిపించింది.

ఇంకో కబురు, మీకు ఇంకా చెప్పి ఉండరు. జూన్ ఆఖరుకి అరవై నాలుగు సీట్లలో మొదటి పన్నెండు మాత్రమే ఉంచుతారట. మిగతావాళ్లందరూ సంచుల హాలుకి. సంచి ఇరవై కిలోలు, రోజుకి ఎన్నో నేను అడగలేదు.

పిచ్చుక


ఇంటి నుంచి
మార్చి 15

పిచ్చుకా,

అభినందనలు. ఈ ఒక్క మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో అడగకు.

మంగళవారం పొద్దున గోడ మీద పైన ముప్పై ఒకటి ఉంది. ఏదో పొరపాటు, సాయంత్రానికి దిగిపోతుందిలే అనుకున్నాను. శుక్రవారం దాకా దిగలేదు. నేను అయిదు. పక్క సీటావిడ వచ్చి, ముప్పై ఒకటి మీ మరదలటగా, గురువుని మించిపోయిందే అంది. నవ్వాను. ఆ నవ్వు మొహానికి అంటించుకుని ఇంటికొచ్చేసరికి అత్తయ్య అప్పటికే ఎదురింటావిడకి చెప్పేస్తోంది, మా అమ్మాయి రెండు కేంద్రాల మీదా ఫస్టు అని. నేను ఫస్టు వచ్చిన వారం ఎదురింటావిడకి ఎవరూ చెప్పలేదు. అమ్మని కొట్టేశానన్నావే, కావాలంటే వచ్చి తీసుకుపో.

ఎలా చేస్తున్నావు? నిజంగానే అడుగుతున్నాను. నిన్న నాకు ఒకటి వచ్చింది. "గంట బడి వెనక సందు, నీలం తలుపు, మా పెద్దమ్మకి." అంతే. పేరు లేదు, నంబరు లేదు. మూడు నిమిషాలు పట్టింది. ఆ బడి ఏ పేటలో ఉందో గుర్తు తెచ్చుకుని, ఆ పేట పోస్టుమాన్‌కి గుర్తురాసి పంపాను. ఆయనకి నీలం తలుపు తెలియకుండా ఉండదు. ఆ మూడు నిమిషాల్లోనే ముగ్గురు నన్ను దాటిపోయారు. నువ్వూ ఇలాంటివి చదువుతూనే ఉంటావు కదా. మరి ఆ వేగం ఎక్కడిది? నేను నేర్పని విద్య ఏదో నేర్చావు. ఏదో చెప్పు. నాకు నలభై ఆరేళ్లు, సంచుల హాలు నా వల్ల కాదు.

వదిన


హాస్టల్, అయిదో గది
మార్చి 30

వదినా,

రహస్యమేమీ లేదు. అలవాటు, అంతే.

కుర్చీ రెండంగుళాలు పైకెత్తు. పొద్దున నీళ్లు తక్కువ తాగు, లేచి వెళ్లే పని తప్పుతుంది. టీ సీటు దగ్గరికే తెప్పించుకో. పక్కవాళ్లతో మాట్లాడకు. నేను భోజనాల గదికి వెళ్లి నెల దాటింది. ఫొటో మీద ప్రేమ పెట్టుకోకు వదినా, అది నీ ముందు నుంచి పోవాలి, నువ్వు దాని ముందు నుంచి కాదు. మా సూపర్‌వైజర్ అనే మాట ఇది. మొదట్లో నవ్వొచ్చేది.

నా ఫొటో మెట్ల దగ్గర గోడకి పెట్టారు. ఓ ఫ్లాస్కు కూడా ఇచ్చారు, నీలం రంగుది, మీద 'ఈ నెల స్ఫూర్తి' అని ఉంది. అమ్మకి పంపుతున్నాను. రోజూ అందులోనే టీ తాగమను. ఎదురింటావిడకి కనపడేలా తాగమను.

నేను పైకి రావడం నీకు కష్టంగా ఉందని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఎన్నాళ్లని నీ మరదలిగా ఉంటాను? ఇక్కడ నన్ను ఎవరి మరదలూ అనరు. ముప్పై ఒకటి అంటారు. అది నాకు బాగుంది.

పిచ్చుక


ఇంటి నుంచి
ఏప్రిల్ 20

పిచ్చుకా,

పదమూడు. నా ర్యాంకు. నువ్వు గోడ మీద చూసే ఉంటావు, అయినా నా నోటితో చెబుదామని.

కుళ్లుకుంటున్నాను. దాచి ఏం లాభం? ఎవరి మీదా ఇంతలా కుళ్లుకోలేదు. నా పెళ్లప్పుడు మీ పిన్ని కూతురు నాకంటే అందంగా ఉందని అందరూ అన్నప్పుడు కూడా ఇంత లేదు. నీ ఫ్లాస్కు వచ్చింది. నాసిరకం ప్లాస్టిక్కు, వేడి ఆగదు అని అత్తయ్యకి చెప్పాను. ఆగుతుంది. పొద్దున పోసిన టీ సాయంత్రానికి కూడా నాలుక కాల్చింది, నేనే పరీక్ష చేశాను. ఇప్పుడు అది బీరువా పైన ఉంది.

ఇంకోమాట. నీ ఉత్తరం ఆఖరికి వచ్చేసరికి మాటల తోకలు తెగిపోయాయి, ఎవరో వెనక నిలబడి గడియారం చూస్తుంటే రాసినట్టు. రహస్యమేమీ లేదు అన్నచోట మాత్రం పెన్ను ఒత్తి రాశావు, అవతలి పేజీకి దిగింది. పంతొమ్మిదేళ్లుగా జనం చేతిరాతలు చదివి బతుకుతున్నాను. ఏదో ఉంది. చెప్పకు, అడగను.

నా రాత వంకరగా ఉందనుకోకు. పెన్ను బాగాలేదు.

వదిన


హాస్టల్, అయిదో గది
మే 3

వదినా,

పెన్నుకేం, బాగానే ఉండి ఉంటుంది.

నా గది నీ ఇంట్లో ఉంది. మా అమ్మ నీ దగ్గర ఉంది. అన్నయ్య ఉన్నాడు, స్టాంపుతో సహా. పొద్దున లేస్తే టీ తాగావా అని అడిగేవాళ్లు ఇద్దరున్నారు నీకు. నాకు ఆ నంబరు ఒక్కటే ఉంది. దాని మీద కూడా కన్ను పడిందా నీకు?

గంట బడి, నీలం తలుపు అని రాశావే, అది పెద్దమ్మ మీద ప్రేమా, నేను తప్ప ఇంకెవరూ చదవలేరన్న గొప్పా? బల్ల దగ్గర కూడా అంతే. కష్టమైన కవరు దొరికితే నా చేతికి ఇచ్చేదానివి కాదు. నువ్వే చదివేసి, చూశావా అని నా వైపు తిప్పేదానివి. ఆరేళ్లు 'చూశావా' విన్నాను. ఇప్పుడు నన్ను చూడు.

అడగనన్నావు కాబట్టి చెబుతున్నాను. నాకు బాగాలేదు. బస్టాపులో నిలబడితే సెకన్లు లెక్కపెడుతున్నాను. ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. పుస్తకం తీస్తే పేజీకి రెండు లైన్లు చూసి తిప్పేస్తున్నాను. రోజూ నవ్వే మొహం నొక్కి నొక్కి ఆ బటన్ మీద నా వేలిముద్ర దిగింది. అయినా సరే, ఫస్టు నుంచి దిగను. నువ్వు దిగమన్నా దిగను.

పిచ్చుక


హాస్టల్, అయిదో గది
మే 27

వదినా,

మూడు వారాలు దాటింది. జవాబు లేదు.

తప్పే, ఆ ఉత్తరం అలా రాసి ఉండకూడదు. కానీ నువ్వు తిడుతూ రాస్తావనుకున్నాను. నాలుగు పేజీలు వస్తాయనుకున్నాను. రోజూ హాస్టల్ కింద ఉత్తరాల పెట్టె చూస్తున్నాను. నాకు రాయకూడదని నిర్ణయించుకున్నావా? అమ్మని అడిగితే, రాసిందిగా, నా ముందే కవరు అంటించింది అంటోంది. అమ్మ కూడా నీ తరఫున అబద్ధాలు మొదలుపెట్టింది.

ఏడో నంబరు ఇంకా పదమూడులోనే ఉంది. రోజూ ముందు నాది చూసుకుని తర్వాత నీది చూస్తాను. నువ్వు పన్నెండు దాటి లోపలికి రావాలనుందో, వద్దనుందో నాకే తెలియడం లేదు.

మాట్లాడు వదినా.

పిచ్చుక


ఇంటి నుంచి
మే 31

పిచ్చుకా,

అత్తయ్య అబద్ధం చెప్పలేదు. మే తొమ్మిదిన నీకు రాశాను. పదిరోజుల తర్వాత అది నా గుమ్మంలోకే తిరిగొచ్చింది. వెనక మీ అన్నయ్య స్టాంపు ఉండబట్టి ఇల్లు చేరింది, లేకపోతే నేలమాళిగలో ఉండేది. విప్పకుండా అలాగే ఇందులో పెడుతున్నాను. దాని ముందు అంటించిన స్లిప్పు చూడు. "చదవలేము. సీటు 31. 2 సెకన్లు."

రెండు కేంద్రాల ఫొటోలూ ఒకే కుప్పలో పడతాయి, అందులోంచి ఎవరికి ఏది వస్తుందో ఎవరికీ తెలియదని నీకూ తెలుసు. నాది నీకు వచ్చింది.

నీ రహస్యం ఇప్పుడు తెలిసింది. ఎర్ర బటన్ నొక్కినా ఒకటి అయిపోయినట్టే లెక్క పడుతుందని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. అది ఓడిపోయినప్పుడు నొక్కేదనుకున్నాను.

తప్పు రీడింగ్ మీద స్లిప్పుతో సహా ఫిర్యాదు ఇస్తే ఆ సీటు ర్యాంకు రద్దు చేస్తారని రూల్సులో ఉంది. నీది పోతే నేను పన్నెండు అవుతాను. ఒక్క మెట్టే. కానీ నేను ఇది ఎవరికీ చూపించలేదు. నీకే పంపుతున్నాను. చించుకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం.

ఈ కవరు మీద చిరునామా మీ అన్నయ్య చేత రాయించాను.

వదిన


(తిరిగొచ్చిన కవరులోని ఉత్తరం)

మే 9

పిచ్చుకా,

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టు వాచింది, మార్చి నుంచీ నొప్పి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో చెబితే ఇప్పుడే సంచుల హాలుకి పంపేస్తారు, అక్కడ ఒక్క సంచి ఎత్తినా ఈ చెయ్యి ఇక పనికిరాదు. టైపు కూడా ఎడమచేత్తోనే. అందుకే పదమూడు.

కష్టమైన కవర్లు నీకు ఇవ్వలేదన్నావు. నిజమే. నువ్వు నాకంటే ముందే చదివేస్తావేమోనని భయం. ఆరేళ్లూ ఆ భయంతోనే పక్కన కూర్చున్నాను.

నీకు బాగాలేదని రాశావు, ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. ఒక ఆదివారం రా. నీ గది ఖాళీ చేయిస్తాను. ఫ్లాస్కు బీరువా మీద నుంచి దించాను.

వదిన


హాస్టల్, అయిదో గది
జూలై 2

వదినా,

కవరు చేతిలో పట్టుకుని ఆ ఫొటో నా స్క్రీన్ మీద ఎప్పుడు వచ్చిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నా పేరు, నా గది నంబరు, నీ చేతిరాత, అన్నీ నా కళ్ల ముందు రెండు సెకన్లు ఉన్నాయి. నొక్కేశాను. నీకు పెళ్లయి ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ నీ రాత చూస్తున్నదాన్ని.

ఆ కవరు బల్ల మీద పెట్టుకుని మళ్లీ చదివాను, మొత్తం. ఎడమచేత్తో రాసినా, కొమ్ములు పైకి విసిరేది నువ్వు తప్ప ఎవరూ లేరు. చదవడానికి అర నిమిషం పట్టింది. అర నిమిషం వదినా.

ఫిబ్రవరి నుంచీ ఎన్ని నొక్కానో నాకు తెలియదు. మొదట నిజంగా అర్థంకానివే నొక్కాను. తర్వాత కష్టమైనవి. తర్వాత కాస్త వంకరగా ఉన్నవన్నీ. ఎవరూ అడగలేదు. ఫ్లాస్కు ఇచ్చారు.

జూన్ రెండో తేదీ నుంచి ఒక్కటి కూడా నొక్కలేదు. అర్థమయ్యేదాకా చూస్తున్నాను. ఒకటి వచ్చింది, "ఆస్పత్రి, కిటికీ పక్క మంచం, నా భార్యకి" అని, ముసలి చేతిరాత. ఏ ఆస్పత్రో లేదు. పదకొండు నిమిషాలు కూర్చున్నాను. కవరు మూల మందుల షాపు ముద్ర సగం పడి ఉంది. ఆ షాపు ఉన్న వీధిలో ఆస్పత్రి ఒక్కటే. పంపేశాక పక్కకి తిరిగి 'చూశావా' అన్నాను. పక్కన ఎవరూ లేరు. నువ్వు ఎందుకనేదానివో అప్పుడు తెలిసింది.

సూపర్‌వైజర్ వచ్చి ఒంట్లో బాగాలేదా అన్నాడు. ఆఖరి వారం నిజం మొహం నొక్కాను, ఏడ్చేది. కౌన్సెలర్‌కి అంతా చెప్పాను. ఆవిడ వింటూ మధ్యలో ఇంకో రెండు నిమిషాలే ఉన్నాయమ్మా అంది. ఆవిడకీ ఎక్కడో గోడ మీద నంబరు ఉన్నట్టుంది.

నిన్న ఆఖరి జాబితా పెట్టారు. నేను ముప్పై తొమ్మిది. నువ్వు పన్నెండు. సోమవారం నుంచి సంచుల హాలు. నా చేతులు బాగానే ఉన్నాయి, బెంగ పెట్టుకోకు. మెట్ల దగ్గర నా ఫొటో తీసేశారు, మేకు ఉంది.

ఒకటి మాత్రం చెప్పాలి. నన్ను పడగొట్టే కాగితం నీ చేతిలో ఉండి, పన్నెండు ఒక్క మెట్టు దూరంలో ఉండి, చెయ్యి నొప్పితో ఉండి కూడా ఎవరికీ చూపించకుండా నాకే పంపావు. నేనైతే చూపించేదాన్ని. ఇన్నాళ్లూ నీ మీద అమ్మ కోసం, గది కోసం కుళ్లుకున్నాను. ఇప్పుడు దీనికి కుళ్లుకుంటున్నాను. అంత మంచిదానివి ఎలా అయ్యావు వదినా?

పిచ్చుక


ఇంటి నుంచి
జూలై 9

పిచ్చుకా,

ముప్పై ఒకటి కిందికి జారడం నెలంతా చూశాను. మా హాల్లో అందరూ చూశారు. మొదటి రోజు నాలుగు, మర్నాడు పద్నాలుగు. నాకు లోపల చల్లగా అనిపించింది. నువ్వు ఎందుకు జారుతున్నావో నాకు తెలుసు, ఎవరికోసమో కూడా తెలుసు. అయినా చల్లగా అనిపించింది. ముప్పయ్యో తేదీన పన్నెండు పక్కన ఏడు చూసుకున్నాక ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. అత్తయ్య చెయ్యి నొప్పి అనుకుని కాపడం పెట్టింది.

నీ ఉత్తరం నాలుగైదు రోజుల నుంచి నా సంచీలో ఉంది. జవాబు మూడుసార్లు రాసి చించాను. మూడుసార్లూ మంచిదాన్నిగానే రాశాను.

ఆ స్లిప్పు ఎవరికీ చూపించలేదని రాశాను. అబద్ధం. కవరు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే అలాగే సార్ గదికి వెళ్లాను. ఫిర్యాదు ఫారం అడిగి తీసుకుని నింపాను. సీటు నంబరు అని ఉన్న గడిలో ముప్పై ఒకటి వేశాను. అది నువ్వేనని తెలుసు, నువ్వు సంచుల హాలుకి పోతావని తెలుసు. ఎడమచెయ్యే అయినా అక్కడ వణకలేదు. ఆయన స్లిప్పు చూశాడు. నేను ఎరిగినన్నాళ్లలో మొదటిసారి అలాగే అనలేదు. "రెండు సెకన్లేనా? భలే ఉందే. మీరూ ఇలా చెయ్యండమ్మా, పన్నెండులోకి వచ్చేస్తారు" అన్నాడు. రూలు రాసి ఉందిగా సార్ అంటే, పదివేలల్లో ఒక తప్పుకి ఎవరు రద్దు చేస్తారమ్మా అన్నాడు. ఫారం చింపి బుట్టలో వేసి, స్లిప్పు నా చేతిలో పెట్టాడు.

అది పనికిరాదని తేలాక పది రోజులు బీరువాలో పెట్టుకున్నాను. మాట్లాడు వదినా అని నీ ఉత్తరం వచ్చాక, నీ ఇష్టం అని రాసి నీకు పంపాను. పనికొచ్చి ఉంటే ఆ ఉత్తరం నీకు వచ్చేది కాదు, వేరే కాగితం వచ్చేది.

ఇదీ నీ వదిన మంచితనం. దాన్ని నమ్మి నువ్వు పన్నెండో ర్యాంకు నా ఒళ్లో పెట్టి సంచులు ఎత్తడానికి పోయావు. ఈ సీటు నాకొద్దు, నీతోపాటు నేనూ వస్తానని రాయాలనుంది. రాయను. చెయ్యి సంచి ఎత్తలేదు, సీటు వదలాలనీ లేదు. నీ నంబరు మీద కుళ్లుకున్నన్నాళ్లూ ఎప్పటికైనా దాటొచ్చు అని ఒక ఆశ ఉండేది. ఇప్పుడు నీ మనసు మీద కుళ్లుకుంటున్నాను. దీన్ని ఎలా దాటాలో తెలియడం లేదు.

ఆదివారం వస్తావా అని అడగడానికి నాకు మొహం లేదు. అత్తయ్య అడుగుతోంది. నీ గది ఖాళీ చేసి ఉంచాం.

ఇది రాసి మడిచాక కవర్లు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వెనక మీ అన్నయ్య స్టాంపు పడని కవరు కూడా ఒకటి దొరికింది. దాని మీద ఎడమచేత్తో చిరునామా కాస్త గీకి పడేస్తే చాలు. నిజం రాశానన్న తృప్తి నాకు మిగులుతుంది, నీకు మాత్రం చేరదు. ఏ సీటులోనో ఎవరో రెండు సెకన్లలో తేల్చేస్తారు.

స్టాంపున్న కవరే తీసుకున్నాను. చిరునామా కుడిచేత్తో రాశాను. నొప్పి పుట్టినా ఆగి ఆగి, యంత్రం కూడా చదవగలిగేలా గుండ్రంగా రాశాను.

వదిన